పోయిందన్న మూడు కిలోల కండ: ఒక కేస్ స్టడీ

ఆమె కుర్చీలో కూర్చోకముందే రెండు కాగితాలు నా టేబుల్ మీద పెట్టారు. రెండూ ఒకే జిమ్‌లో, ఒకే మెషీన్ నుంచి తీసిన ప్రింటవుట్లు. మధ్యలో 14 వారాలు గడిచాయి. మొదటిదాంట్లో బరువు 71.4 కిలోలు, కొవ్వు 36.2 శాతం. రెండోదాంట్లో బరువు 69.0 కిలోలు, కొవ్వు 38.4 శాతం. రెండో కాగితం మీద ఎవరో ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టి, పక్కన "కండ -3 కిలోలు" అని రాశారు.

"ఒక్క రోజు కూడా ఎగ్గొట్టలేదు మేడమ్. అయినా కొవ్వు పెరిగిందట, కండ పోయిందట. ఇంక ఈ కష్టం ఎందుకో మీరే చెప్పండి," అన్నారు.

శరీరంలో కొవ్వు, కండ ఎంతెంత ఉన్నాయో కొలవడం చాలా ఏళ్లుగా నా పని. ఇలాంటి కాగితాలు పట్టుకుని వచ్చేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో తప్పు ఒకచోట కాదు, రెండు చోట్ల దాక్కుంది. రెండోదాన్ని నేనూ మొదట చూడలేదు. ఆమె అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

వయసు 41. రోజంతా నిలబడి చేసే ఉద్యోగం. షుగర్, థైరాయిడ్, కిడ్నీ సమస్యలేవీ లేవు, మందులూ వాడటం లేదు. వారానికి మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం, రెండు రోజులు నడక. ఆహారం కాస్త తగ్గించారు, ప్రొటీన్ పెంచారు. ఇంతవరకు బాగానే ఉంది. రెండో ప్రింటవుట్ వచ్చాక జిమ్‌లో ఎవరో "ఇంకా తగ్గించాలి" అన్నారట. దాంతో పది రోజులుగా రోజుకు వెయ్యి కేలరీల లోపే తింటున్నారు. నిద్ర సరిగా పట్టడం లేదు. ఎత్తే బరువులు కూడా వెనక్కి పోయాయి. కొలతలో తప్పు కాగితం మీదే ఆగిపోతే నాకు పెద్ద బాధ లేదు. అది మనిషి తిండిలోకి, నిద్రలోకి వచ్చేస్తుంది. అసలు నష్టం అక్కడే.

కాగితాలు పక్కన పెట్టి, ఆమె వ్యాయామం నోట్‌బుక్ అడిగాను. ప్రతి సెట్టూ రాసుకునే మనిషి. 14 వారాల్లో స్క్వాట్ 20 కిలోల నుంచి 45 కిలోలకు వచ్చింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు తొలి నెలల్లో కండ పెరగకపోయినా బలం పెరుగుతుంది. ఉన్న కండనే నరాలు మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటాయి. కాబట్టి ఈ అంకెతోనే కండ పెరిగిందని వాదించను. కానీ మూడు కిలోల కండ పోగొట్టుకున్న మనిషి రెట్టింపుకు పైగా బరువెత్తడం వింతే.

ఇంకోటి ఆమె బెల్టు. మొదట్లో పెట్టుకున్న రంధ్రం దగ్గర తోలు మీద అరిగిన గీత స్పష్టంగా కనిపిస్తోంది. ఇప్పుడు బకిల్ దానికి రెండు రంధ్రాలు లోపల ఉంది. రంధ్రాల మధ్య టేపు పెట్టి చూశాను, రెండున్నర సెంటీమీటర్లు. అంటే నడుము చుట్టూ దాదాపు 5 సెంటీమీటర్లు తగ్గింది. కొవ్వు పెరిగిందని మెషీన్ అంటోంది, తగ్గిందని బెల్టు అంటోంది. ఇద్దరు సాక్షులు ఎదురుబొదురుగా నిలబడితే, బెల్టుకు అబద్ధం చెప్పే అవకాశాలు తక్కువ.

మెషీన్ ఏం కొలుస్తుంది?

జిమ్‌లో ఉన్నది కాళ్ల కింద లోహపు పలకలుండే రకం బయో ఇంపెడెన్స్ మెషీన్. దాని మీద నిలబడితే ఒక పాదం నుంచి ఇంకో పాదానికి మనకు తెలియనంత సన్నని కరెంటు పంపుతుంది. సాధారణంగా 50 కిలోహెర్ట్జ్ దగ్గర, ఒక మిల్లీయాంపియర్ లోపు. దారిలో ఎంత నిరోధం ఎదురైందో కొలుస్తుంది. అది చేసే అసలైన కొలతలు రెండే: బరువు, నిరోధం. కాగితం మీద కనిపించే మిగతావన్నీ లెక్కలే.

ఆ లెక్క ఇలా నడుస్తుంది. నీళ్లు, ఉప్పులు ఉన్న కణజాలం గుండా కరెంటు సులువుగా పోతుంది, కొవ్వు గుండా పోదు. ఎత్తును ఎత్తుతో హెచ్చించి నిరోధంతో భాగిస్తే ఒంట్లోని నీటికి దగ్గరగా ఒక అంచనా వస్తుంది. కొవ్వు కాని భాగంలో దాదాపు 73 శాతం నీరే ఉంటుందని అనుకుని, నీటి నుంచి ఆ భాగాన్ని లెక్కిస్తారు. మొత్తం బరువులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది కొవ్వు. వయసు, ఆడా మగా అన్న వివరాలు కూడా ఫార్ములాలో కలుస్తాయి. కంపెనీ కంపెనీకీ ఆ ఫార్ములా వేరు, చాలావరకు బయటపెట్టరు.

అంటే కొవ్వును మెషీన్ చూడనే చూడదు. నీళ్లను చూసి కొవ్వును ఊహిస్తుంది. నీళ్లు అటూ ఇటూ అయితే కొవ్వూ అటూ ఇటూ అవుతుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. మన బరువులో దాదాపు సగం మొండెంలో ఉంటుంది. కానీ మొండెం వెడల్పాటి గొట్టం లాంటిది కాబట్టి మొత్తం నిరోధంలో దాని వాటా పదో వంతే. సన్నగా పొడుగ్గా ఉండే చేతులు, కాళ్లే అంకెను నిర్ణయిస్తాయి. పాదాల మెషీన్‌లో అయితే పెత్తనమంతా కాళ్లదే. పొట్ట దగ్గరి కొవ్వు గురించి అది చెప్పేదంతా కాళ్లను అడిగి చెప్పేదే.

ఆ కాగితం కింద "మెటబాలిక్ ఏజ్ 53" అని కూడా ఉంది. ఆమెను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది అదేనట. ఈ వయసుకు అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు. ఎవరి లెక్క వాళ్లది. నేనైతే ఆ గడి మీద స్టిక్కర్ అంటించి కాగితం తిరిగి ఇస్తాను. ఆమెకూ అలాగే ఇచ్చాను.

ఒకే రోజు, మూడు కొలతలు

రెండు పరీక్షలూ ఏ వేళలో చేయించుకున్నారని అడిగాను. మొదటిది సాయంత్రం, డ్యూటీ ముగించుకుని నేరుగా వచ్చి. రెండోది ఆదివారం పొద్దున్నే, ఏమీ తినకుండా, తాగకుండా, ఏసీ గదిలో వట్టి కాళ్లతో. అప్పటికే సగం అర్థమైంది. కానీ నేను నోటితో చెబితే ఓదార్పు మాటలా వినిపిస్తుంది, ఆమె కళ్లతో చూడాలి. అందుకే ముందు వారం రోజులు మునుపటిలా తినమన్నాను. వెయ్యి కేలరీల మీద ఉన్న మనిషికి కండల్లో నిలవ ఉండే పిండి పదార్థం, అంటే గ్లైకోజెన్, అడుగంటి ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీరు నిలవ ఉంటుంది. ఆ స్థితిలో కొలిస్తే మొదటి అంకెలోనే తప్పు చేరుతుంది.

వారం తర్వాత ఆమె సెలవు పెట్టుకోలేదు, నేనే వద్దన్నాను. మామూలు పని రోజే కావాలి. నా దగ్గరున్నదీ అలాంటి పాదాల మెషీనే. ఉదయం ఆరున్నరకు, బాత్‌రూమ్‌కు వెళ్లొచ్చాక, ఖాళీ కడుపుతో బరువు 68.9, కొవ్వు 38.1 శాతం.

అర లీటరు నీళ్లు తాగించి వెంటనే మళ్లీ ఎక్కించాను. బరువు 69.4, కొవ్వు 38.5 శాతం. కొవ్వు లెక్క 26.3 నుంచి 26.7 కిలోలకు పెరిగింది! నీళ్లు తాగితే కొవ్వు తగ్గినట్టు చూపించాలి కదా అని ఆమె అడిగారు. మంచి ప్రశ్న. ఆ నీళ్లు ఇంకా కడుపులోనే ఉన్నాయి, కాళ్ల దాకా పోలేదు. నిరోధం మారలేదు, బరువు మాత్రం అర కిలో పెరిగింది. నిరోధంలో కనబడని బరువు ఎక్కువగా కొవ్వు ఖాతాలోకే పోతుంది. నమ్మకం కుదరక ఆమె ఇంకో సీసా మూత తీయకుండానే జాకెట్ జేబులో పెట్టుకుని మళ్లీ ఎక్కారు. జేబులోని సీసా కూడా దాదాపు మొత్తం కొవ్వుగానే నమోదైంది. ఆ రోజు ఆమె మొదటిసారి నవ్వారు.

సాయంత్రం ఆరున్నరకు పని ముగించుకుని వచ్చారు. సాక్సు తీస్తే చీలమండ పైన ఎలాస్టిక్ లోతుగా అచ్చు పడి ఉంది. రోజంతా నిలబడితే కాళ్లలోకి నీరు దిగుతుంది. మెషీన్‌కు అది కండలాగే కనిపిస్తుంది. బరువు 69.8, కొవ్వు 36.4 శాతం. ఉదయం 42.65 కిలోలున్న కొవ్వు కాని భాగం సాయంత్రానికి 44.39 అయింది. పన్నెండు గంటల్లో 1.7 కిలోల "కండ". ఏ వ్యాయామమూ అంత పెంచలేదు. చర్మం చల్లగా ఉంటే నిరోధం పెరుగుతుంది. కాబట్టి ఏసీ గదిలో ఖాళీ కడుపుతో తీసిన ఆదివారం కొలత కొవ్వును ఎక్కువ చూపేవైపే ఒరుగుతుంది.

దీంతో మూడు కిలోల్లో సగానికి పైగా లెక్క తేలింది. మిగిలిన 1.3 కిలోలు? అది కొలతల్లో ఉండే మామూలు ఊగిసలాట అనుకుని వదిలేశాను. నేను చేసిన తప్పు అదే.

రెండు వారాల తర్వాత ఫైలు సర్దుతుంటే పాత ప్రింటవుట్లు పక్కపక్కన పడ్డాయి. పైన కుడి మూలన, పేరు కింద చిన్న అక్షరాల్లో ఎత్తు ఉంది. మొదటిదాంట్లో 160 సెంటీమీటర్లు. రెండోదాంట్లో 158. ఫోన్ చేసి అడిగితే గుర్తు చేసుకుని చెప్పారు. మొదటిసారి ఎత్తు అడిగితే నోటితోనే 160 అన్నారట. రెండోసారి వేరే ట్రైనర్ గోడకు నిలబెట్టి కొలిచి 158 అని సరిచేశాడు. పాపం, అతను చేసింది మంచి పనే. కానీ ఫార్ములాలో ఎత్తును ఎత్తుతోనే హెచ్చిస్తారు. రెండు సెంటీమీటర్ల తేడా అక్కడ 2.5 శాతం అవుతుంది. 45 కిలోల మీద అది ఒక కిలో పైమాటే. ఫార్ములాలో వేరే అంశాలూ ఉంటాయి కాబట్టి సరిగ్గా ఎంతో నేను చెప్పలేను గానీ, మిగిలిన 1.3 కిలోల్లో ఎక్కువ భాగం ఇక్కడికే వస్తుంది.

అంటే మొదటి ప్రింటవుట్‌లో కనిపించిన కండలో కొంత కాళ్లలో దిగిన నీరు, కొంత నోటి మాట ఎత్తు. లేని కండ పోవడమేమిటి?

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ 14 వారాల్లో ఆమె ఒంట్లో నిజంగా ఏం జరిగిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. బెల్టును బట్టి కొవ్వు తగ్గిందని నేను నమ్ముతాను. ఎంత తగ్గింది, కండ సంగతేమిటి అంటే జవాబు లేదు. సరిగా తీయని మొదటి కొలతను తర్వాత ఎంత మంచి మెషీనూ బాగుచేయలేదు. ఈ మాట చెప్పినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. రావాల్సిందే.

మళ్లీ మొదటి నుంచి

కొత్తగా మొదలుపెట్టాం. డెక్సా స్కాన్ (ఎక్స్‌రేలతో ఒంట్లోని కొవ్వు, ఎముక లెక్కగట్టేది), చర్మపు మడతల కొలత, నడుము టేపు, ఇంట్లో రోజూ ఉదయం బరువు. బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) 27.6 అని ఫైల్లో రాసుకున్నాను, అంతకుమించి దానితో పని లేదు. బీఎంఐకి కొవ్వు, కండ తేడా తెలియదు. 2004లో లాన్సెట్ పత్రికలో యాజ్ఞిక్, యుడ్కిన్ అనే ఇద్దరు డాక్టర్లు తమ ఫొటోనే వేసుకుని ఈ విషయం చూపించారు. ఇద్దరి బీఎంఐ 22.3. కొవ్వు మాత్రం ఒకరికి 21.2 శాతం, ఇంకొకరికి 9.1 శాతం.

చర్మపు మడతల కొలత గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే చవకైన పనిముట్లలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే, ఎక్కువమంది పాడు చేసేదీ దీన్నే. ముందు ఎముకల గుర్తులు వేళ్లతో వెతికి పెన్నుతో గీత పెట్టాలి. గీత లేకుండా అందాజుగా పట్టుకుంటే ప్రతిసారీ వేరే చోటు కొలుస్తాం. బొటనవేలు, చూపుడువేలితో చర్మాన్ని, దాని కింది కొవ్వును మాత్రం పట్టి పైకి లేపాలి, కండ రాకూడదు. అనుమానంగా ఉంటే కండ బిగించమంటాను, వేళ్ల మధ్య నుంచి జారిపోతే అది కండే. మడత మందం కొలిచే పనిముట్టు కాలిపర్. దాన్ని వేళ్లకు ఒక సెంటీమీటరు దూరంలో పెట్టి, రెండు సెకన్లకు అంకె చూడాలి. ఎక్కువసేపు ఉంచితే కొవ్వు నొక్కుకుపోయి ముల్లు దిగుతూ పోతుంది. మంచి కాలిపర్ ఎంత తెరిచినా చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడే ఇస్తుంది. చోట్లన్నీ ఒక రౌండ్ పూర్తి చేసి, మళ్లీ మొదటి నుంచి రెండో రౌండ్. మొదటి రౌండ్ అంకె గుర్తుంటే చెయ్యి దానికే మొగ్గుతుంది కాబట్టి, అంకెలు రాసే మనిషి వేరుగా ఉంటే మేలు.

ఆమెకు వీపు మీది రెక్క ఎముక కింద 26 మిల్లీమీటర్లు వచ్చింది. రెండో రౌండ్‌లో 26.4. అదే చోటు ఒక సెంటీమీటరు కిందికి జరిపి పట్టి చూపించాను, 29. "చెయ్యి కాస్త జారితే మూడు మిల్లీమీటర్లా!" అన్నారు. అవును మరి.

మొదటి రోజు అంకెలివి. బయో ఇంపెడెన్స్ 38.1 శాతం. మోచేతి పై భాగానికి ముందు, వెనుక, రెక్క ఎముక కింద, తుంటి ఎముక పైన, ఈ నాలుగు మడతల మొత్తం 92 మిల్లీమీటర్లు. దాన్ని డర్నిన్, వోమర్స్‌లీ 1974లో ఇచ్చిన ఫార్ములాలో వేస్తే ఒంటి సాంద్రత 1.013, దాన్నుంచి కొవ్వు 38.6 శాతం. రెండూ దగ్గరగా ఉన్నాయి కదా అని ఆమె ఊపిరి పీల్చుకున్నారు. అంతలో డెక్సా రిపోర్టు వచ్చింది. మొత్తం 68.8 కిలోల్లో కొవ్వు 28.6, ఎముక ఖనిజం 2.2, మిగతాది 38.0. కొవ్వు 41.6 శాతం.

మళ్లీ కళ్లలో నీళ్లు. "మేడమ్, ఇంతకీ నాలో కొవ్వు ఎంత?"

ఈ ప్రశ్నకు నిజమైన జవాబు మనిషి బతికుండగా దొరకదు. కొవ్వును విడదీసి తూకం వేయాలంటే శవాన్ని కోయాలి. బ్రస్సెల్స్‌లో అదే చేశారు. 25 మృతదేహాల్లో చర్మం, కొవ్వు కణజాలం, కండ, ఎముక వేరు చేసి తూచిన ఫలితాలు 1984లో వచ్చాయి. మిగతా పద్ధతులన్నీ ఏదో ఒకటి కొలిచి, ఏదో ఒకటి అనుకుని, కొవ్వు దాకా వెళ్లేవే. మడతల పద్ధతిలో సాంద్రతను కొవ్వుగా మార్చేది సిరి సూత్రం: 495ను సాంద్రతతో భాగించి 450 తీసేయడం. కొవ్వు సాంద్రత 0.9, మిగతా శరీరానిది 1.1 అని అనుకుంటేనే ఆ సూత్రం పనిచేస్తుంది. ఎముకలు పలచబడిన మనిషికో, కండలు తిరిగిన ఆటగాడికో ఆ 1.1 సరిపోదు. అసలు మడత పట్టేది చర్మం కింది కొవ్వును మాత్రమే, లోపల పేగుల చుట్టూ ఉన్నది చేతికి దొరకదు.

డెక్సా అంతకన్నా మేలైనదే గానీ, అదీ దేవుడి తక్కెడ కాదు. రెండు శక్తులున్న ఎక్స్‌రేలు పంపి, ఎంత తగ్గి బయటికి వచ్చాయో చూస్తుంది. రెండు శక్తులతో ఒకచోట రెండు రకాల పదార్థాలనే విడదీయగలం. ఎముక లేని చోట కొవ్వు, కొవ్వు కానిది తేలుతుంది. ఎముక ఉన్న చోట ఎముక, మిగతాది అని మాత్రమే తేలుతుంది. అక్కడి కొవ్వును చిత్రంలో పక్కనున్న చుక్కలను (పిక్సెళ్లను) చూసి ఊహిస్తుంది. చిత్రంలో దాదాపు 40 శాతం చుక్కల్లో ఎముక ఉంటుంది. కంపెనీ మారితే అంకె మారుతుంది. రేడియేషన్ గురించి అందరూ అడుగుతారు: కొన్ని మైక్రోసీవర్టులు, ఒకటి రెండు రోజుల్లో ప్రకృతి నుంచి మనకు ఎలాగూ వచ్చేంత. అయినా గర్భం ఉందేమోనని అడగకుండా స్కాన్‌కు పంపను.

అందుకే ఆమెకు ఇలా చెప్పాను. 38 నిజమా, 41 నిజమా అని కొట్టుకోవద్దు. ఏ గోడ గడియారం అయిదు నిమిషాలు ముందున్నా, దాన్ని ఎవరూ ముట్టుకోనంత కాలం ఎంత సేపు గడిచిందో సరిగ్గానే చెబుతుంది. మనకు కావలసింది గడిచిన సమయం. ఒక పద్ధతి అంకెను ఇంకో పద్ధతి అంకెతో ఎప్పుడూ పోల్చకూడదు. పోలిస్తే మళ్లీ మూడు కిలోల కండ కథే.

ఎంత మారితే మారినట్టు?

స్కాన్ సెంటర్‌లో రిపోర్టు కన్నా ముందు ఒకటి అడుగుతాను: ఒకే మనిషిని బల్ల మీద నుంచి దింపి, మళ్లీ పడుకోబెట్టి స్కాన్ చేస్తే ఎంత తేడా వస్తోంది? చాలా చోట్ల మొహమొహాలు చూసుకుంటారు. ఈ సెంటర్‌లో లెక్క ఉంది. కొవ్వుకు 0.3 కిలోలు; కొవ్వూ ఎముకా రెండూ కాని భాగానికి 0.4 కిలోలు. దాన్ని 2.77తో హెచ్చించాలి. రెండు కొలతల్లోనూ తప్పు ఉంటుంది కాబట్టి రెండింటినీ కలిపి, 95 శాతం నమ్మకంతో చెప్పడానికి వాడే అంకె అది. అంటే కొవ్వులో 0.8 కిలోలు, కండ వైపు 1.1 కిలోలు దాటితేనే మార్పు వచ్చిందని అంటాను. అంతకన్నా తక్కువైతే నోరు మూసుకుంటాను.

నా చేతికీ ఈ లెక్క ఉంది. ఎనిమిది చోట్ల మడతలు కలిపితే, ఒకే మనిషిని నేనే రెండుసార్లు కొలిస్తే నాలుగైదు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. కాబట్టి పది మిల్లీమీటర్ల పైన తగ్గితేనే లెక్క. మడతల మొత్తాన్ని శాతంగా మార్చడం ఇక్కడితో మానేశాను. ఫార్ములా పెట్టినకొద్దీ ఇంకో ఊహ కలుస్తుంది, మిల్లీమీటర్లయితే మిల్లీమీటర్లే.

నెలకొకసారి మడతలు, రెండు వారాలకొకసారి నడుము, 16 వారాల తర్వాత మళ్లీ డెక్సా. జిమ్ మెషీన్ ఎక్కవద్దని చెప్పలేదు. ఎక్కితే ఉదయమే ఎక్కమన్నాను.

ఆరో వారంలో మెసేజ్ వచ్చింది: "1.2 కిలోలు పెరిగాను, టెన్షన్‌గా ఉంది." నెలసరికి నాలుగు రోజుల ముందు. చాలామందికి ఆ రోజుల్లో నీరు నిలుస్తుంది. ఈ వారాన్ని పోయిన వారంతో పోల్చకండి, పోయిన నెల ఇదే వారంతో పోల్చండి అన్నాను. పోల్చి చూస్తే 0.7 కిలోలు తగ్గారు. ఎనిమిదో వారం మడతల కొలతకు వ్యాయామం నుంచి నేరుగా వచ్చారు. ఒళ్లంతా చెమట, వేళ్లు జారుతున్నాయి, చర్మం రక్తంతో ఉబ్బి ఉంది. కొలవకుండా పంపేశాను. రెండు రోజుల తర్వాత వచ్చారు, కాస్త విసుక్కుంటూ. మధ్యలో ఇంకేమీ జరగలేదు. మామూలు తిండి, మామూలు వ్యాయామం.

16 వారాలకు డెక్సా: అదే మెషీన్, అదే టెక్నీషియన్, ఉదయం ఖాళీ కడుపు, నెలసరి లెక్కలోనూ అదే వారం. మొత్తం 66.1 కిలోలు. కొవ్వు 25.6, ఎముక ఖనిజం 2.2, మిగతాది 38.3. ఎనిమిది మడతల మొత్తం 168 నుంచి 141 మిల్లీమీటర్లకు. నడుము 89 నుంచి 84 సెంటీమీటర్లకు. అంటే ఎత్తులో 0.56 వంతున్నది 0.53 అయింది. సగానికి లోపు ఉంటే మేలని సాధారణంగా చెబుతారు, ఆ దారిలోనే ఉన్నారు.

కొవ్వు మూడు కిలోలు తగ్గింది. 0.8 గీతకు చాలా దూరంగా ఉంది, అనుమానం లేదు. కండ వైపు 0.3 పెరిగినట్టు ఉంది. ఆమె మొహం వెలిగింది. నేను తల అడ్డంగా ఊపాల్సి వచ్చింది. 1.1 లోపు ఉన్న అంకెతో కండ పెరిగిందని సంతోషపడితే, రేపు అంతే తగ్గినప్పుడు ఏడవాలి. చెప్పగలిగింది ఒక్కటే: మూడు కిలోల కొవ్వు పోతున్నా కండ వైపు చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు.

ఇంకో చిన్న మెలిక ఉంది, అది ఆమెకు అనుకూలమైనది కాబట్టి అదీ చెప్పాను. కొవ్వు కణజాలం అంతా కొవ్వు కాదు. అందులో సుమారు 15 శాతం నీరు, ప్రొటీన్ ఉంటాయి. డెక్సా వాటిని కొవ్వు కాని వైపు వేస్తుంది. మూడు కిలోల కొవ్వు పోయిందంటే దాని వెంట అర కిలో దాకా ఈ సరుకూ పోయి ఉంటుంది. కాగితం మీద అది కండ నష్టంలా కనిపించాలి, కానీ అంకె తగ్గలేదు. దీనికి అర్థం చెప్పేంత ధైర్యం 0.3కు లేదు గానీ, దిగులుపడాల్సిన పని మాత్రం అసలే లేదు.

అదే రోజు ఉదయం నా పాదాల మెషీన్ కూడా ఎక్కించాను, కుతూహలం కొద్దీ. 66.2 కిలోలు, 36.3 శాతం. కొవ్వు 26.3 నుంచి 24.0 కిలోలకు. పద్ధతిగా వాడితే ఆ మెషీనూ దారి సరిగ్గానే చూపించింది. కండ వైపు మాత్రం అర కిలో తగ్గిందంటోంది, డెక్సా 0.3 పెరిగిందంటోంది. రెండూ తమ తమ ఊగిసలాట లోపలే ఉన్నాయి. మూడు నాలుగు నెలల్లో కండ కాస్త పెరిగిందో లేదో ఇలాంటి మెషీన్లను అడిగి ప్రయోజనం లేదు. ఆ సంగతి ఆమె నోట్‌బుక్కే నయంగా చెబుతుంది. అందులో స్క్వాట్ 57.5 కిలోల దగ్గర ఉంది.

తర్వాతి డెక్సా ఎప్పుడని అడిగారు. ఆరు నెలల దాకా వద్దన్నాను. అంతకుముందే చేయిస్తే 1.1 దాటేంత మార్పు కండ వైపు రావడం కష్టం.

పోయిన వారం ఆమె నుంచి ఒక ఫొటో వచ్చింది. జిమ్‌లో ఉచితంగా ఇస్తున్నారని మళ్లీ ప్రింటవుట్ తీయించుకున్నారు, ఉదయమే. పైన కుడి మూలన ఎర్ర పెన్నుతో రెండు సున్నాలు చుట్టి ఉన్నాయి, ఈసారి ఆమె చేత్తోనే. ఎత్తు 158, పక్కన టిక్కు. దాని కింద వయసు దగ్గర 41కి బదులు 14 అని కొట్టి ఉంది.